అన్వయం నుండి విమర్శకు: తెలుగులో పద్యపఠన పద్ధతి

పద్యాన్ని ఎట్లా చదవాలన్న ప్రశ్న తెలుగులో కావ్యంతోపాటే మొదలయింది. 11వ శతాబ్దిలో నన్నయ భారతావతారికలోనే పాఠకులను రెండు విధాలుగా గుర్తించాడు. ప్రసన్నకథాకలితార్థయుక్తిని గ్రహించే కవీంద్రులు ఒకరు, అక్షరరమ్యతను ఆదరించే ఇతరులు మరొకరు. అర్థం, నాదం అనే ఈ రెండు దృష్టులు తరువాతి కాలపు పఠనంలో ఏమయ్యాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంప్రదాయ పఠనానికి ఆధారం వ్యాఖ్యానం. పదవిభాగం, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం, అలంకారం అనేవి అందులోని మెట్లు. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పూనికతో జూలూరి అప్పయ్య మనుచరిత్ర, వసుచరిత్రలకు వ్యాఖ్యలు రచించాడు. అనంతరం వేదం వేంకటరాయశాస్త్రి శృంగారనైషధానికి సర్వంకష వ్యాఖ్యను సమకూర్చాడు. ఈ పద్ధతిలో ఏ పదమూ వివరణ లేకుండా మిగలదు. అయితే దీని చూపు ప్రధానంగా ఒక్కొక్క పద్యం మీదనే నిలుస్తుంది.

1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారంలో కట్టమంచి రామలింగారెడ్డి ఈ పరిధిని దాటాడు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందుంచుకొని భావనాశక్తి, పాత్రపోషణ, కథాసంవిధానాలను చర్చించాడు. కావ్యాన్ని సమగ్రంగా చూసి విలువ కట్టే అధికారం దీనితో పాఠకునికి దక్కింది. కాని కథకు ప్రాధాన్యం పెరిగినకొద్దీ పద్యనిర్మాణం కేవలం అలంకరణగా కనబడే ప్రమాదమూ ఏర్పడింది.

నేటి తరగతి గదిలో తరచుగా మిగులుతున్నది తాత్పర్యం ఒక్కటే. తాత్పర్యం పద్యం చెప్పిన విషయాన్ని అందిస్తుంది, చెప్పిన తీరును అందించదు. అన్వయం కోసం విడదీసిన పదాలను తిరిగి కవి కూర్చిన క్రమంలో చదివినప్పుడే ఆ తీరు తెలుస్తుంది. ఉదాహరణకు ఉత్పలమాలలో యతిస్థానం 10వ అక్షరం. అక్కడ నిలిచిన పదం యతిమైత్రి కోసమే వచ్చిందా, భావానికి కూడా అదే కీలకమా అని ప్రశ్నించాలి. వాక్యం పాదం చివర ముగియక తరువాతి పాదంలోకి సాగితే, ఆ సాగుదల భావానికి ఏ వేగాన్నిచ్చిందో చూడాలి.

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి వ్యాఖ్యాత నిశితదృష్టి, విమర్శకుని సమగ్రదృష్టి రెండూ కావాలి. కాబట్టి వ్యాఖ్యానాన్ని పాతదని తోసిపుచ్చిన విమర్శకు పునాది ఉండదు. విమర్శ దాకా సాగని వ్యాఖ్యానం నిఘంటువు దగ్గరే ఆగిపోతుంది. నన్నయ వేర్వేరుగా పేర్కొన్న ఆ ఇద్దరు పాఠకులను ఒకే విద్యార్థిలో కలపడమే పద్యబోధన లక్ష్యం కావాలి.