మదురై, కోయంబత్తూరు సీమల ఖనిజాలు

మదురై జిల్లా వాడిపట్టి మొదలు పడమటి కనుమల అంచున ఉన్న కోయంబత్తూరు దాకా పేరున్న బంగారు గని గానీ బొగ్గు గని గానీ లేదు. ఈ నేలకు దక్కింది రాయి, సున్నం. అవి కాక కాంగేయం దగ్గర కొన్ని రత్నశిలలు, మేలూరు దిక్కున టంగ్‌స్టన్ జాడ. ఇక్కడి తెలుగువాళ్లకు ఖనిజాలతో ఏర్పడ్డ బంధం కూడా ఎక్కువగా రాతితోనే.

వాడిపట్టికి ఎగువన కనిపించే సిరుమలై గుట్టలు చార్నోకైట్ శిలలు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి ఉడికి గట్టిపడిన రాయి ఇది. కలకత్తాలో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన పలక ఇదే జాతి రాయి కావడంతో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆయన పేరే పెట్టాడు. బల్లపరుపు నేలల్లో నైస్ రాయి, దాని మీద నల్లరేగడి. నాయకరాజుల కాలంలో వచ్చిన తెలుగు రైతులు ఆ రేగడినే వెతుక్కుని పత్తి వేశారు. దున్నుతుంటే తేలే సున్నపురాళ్లను ఏరి బట్టీల్లో కాల్చేవారు. 1636లో తిరుమల నాయకుడు మదురైలో కట్టించిన మహలు స్తంభాలు చూడడానికి నున్నని రాతిలా ఉంటాయి గానీ, లోపల ఇటుక, పైన గుడ్డు తెల్లసొన కలిపిన సున్నపు పూత. వాడిపట్టి పొలాలకు నీళ్లు తెచ్చిన పెరియార్ ఆనకట్ట (1895) సైతం సున్నం, సుర్ఖీ (ఇటుక పొడి) గచ్చుతో లేచిందే. కట్టినప్పుడు అందులో సిమెంటు వాడలేదు.

రాతిపనికి పేరుపడ్డవాళ్లు వడ్డెరలు. తమిళంలో వాళ్లను ఒడ్డర్లనీ బోయర్లనీ అంటారు. ఇంట్లో మాట తెలుగే. చెరువులు తవ్వేవాళ్లు మట్టి వడ్డెరలు, బండ కొట్టేవాళ్లు రాతి వడ్డెరలు. కోయంబత్తూరు సీమలో మోట తోలిన లోతైన బావులు చాలావరకు బండను తొలిచినవే. పలక లేపడానికి వెనక రెండు పద్ధతులుండేవి. ఒకటి, బండ మీద కంప పేర్చి మంట పెట్టడం. వేడికి పైపొర ఉబ్బి, కింది రాతి నుంచి విడిపోతుంది. సమ్మెటతో తట్టి, చప్పుడులో వచ్చే డొల్లతనాన్ని బట్టి పొర ఎంతవరకు విడిందో చెప్పేవారు. రెండోది, గీత గీసినట్టు వరసగా గుంటలు ఉలితో తొలిచి, ఒక్కోదాంట్లో ఇనుప చీల నిలిపి, ఈ కొసనుంచి ఆ కొసకు ఒకే బలంతో కొట్టుకుంటూ పోవడం. ఒక్క దెబ్బ ఎక్కువైతే పలక అడ్డంగా పగిలి, దిమ్మె కాస్తా కంకరవుతుంది. సాయంత్రం కొలిమిలో ఉలిమొనలు సాగగొట్టుకోవడం రోజూ ఉండే పనే.

రత్నాల కథ ఇంకా పాతది. కాంగేయం దగ్గరి పడియూరులో పచ్చ, నీలి ఛాయల బెరిల్ దొరికేది. నొయ్యల్ నది ఒడ్డున కొడుమనల్ తవ్వకాల్లో పూసలు చేసే కర్మాగారాలు, ఇనుము కరిగించిన కొలుములు బయటపడ్డాయి. మేలైన బెరిల్ భారతదేశం నుంచే వస్తుందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కోయంబత్తూరు చుట్టుపక్కల దొరికిన రోమన్ నాణేల రాసులు ఆ వ్యాపారానికి సాక్ష్యం.

ఖనిజాల్లో యంత్రయుగం సున్నపురాతితోనే మొదలైంది. కోయంబత్తూరు పక్కన మదుక్కరైలో 1934లో సిమెంటు కర్మాగారం వెలిసింది. సున్నపురాయిని, బంకమన్నును పొడిచేసి దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే గట్టి గుళ్లుగా క్లింకర్ వస్తుంది. దానికి జిప్సం కలిపి నూరితే సిమెంటు. అప్పటికి పైకారా జలవిద్యుత్తు వచ్చి రెండేళ్లే. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్సు బాటలో పత్తి మిల్లులు పెరుగుతూ ఉండగా, వాటికి కావలసిన సిమెంటు ఊరి పొలిమేరలోనే తయారైంది.

మేలూరు గ్రానైటు ఎగుమతిది వేరే దారి. ఇక్కడి తెల్లరాయి 'కాశ్మీర్ వైట్' పేరుతో విదేశాల వంటగదుల గట్లమీదికి చేరింది. కాశ్మీరుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. జైనుల రాతి పడకలున్న కీళవళవు గుట్ట పరిసరాల్లోనూ క్వారీలు లేచాయి. అక్రమ తవ్వకాల నష్టం 16,000 కోట్ల రూపాయలు దాటుతుందని మదురై కలెక్టరుగా ఉండగా యు. సగాయం పంపిన నివేదిక 2012లో బయటికి వచ్చింది. 2014లో మద్రాసు హైకోర్టు ఆయనకే విచారణ అప్పగించింది.

ఆ తర్వాతి గొడవ టంగ్‌స్టన్‌ది. 2024 నవంబరులో కేంద్రం నాయక్కర్‌పట్టి బ్లాకును, సుమారు 2,015 హెక్టార్లను, వేలంలో ఇచ్చింది. 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అరిట్టాపట్టి ప్రాంతం అందులో కలిసింది. రైతులు రోడ్డెక్కారు, తమిళనాడు శాసనసభ డిసెంబరు 9న వ్యతిరేక తీర్మానం చేసింది, 2025 జనవరి 23న కేంద్రం వేలం రద్దు చేసింది. ఇప్పటి క్వారీల్లో గ్రానైటును తొలిచే డ్రిల్లు మొనలకు టంగ్‌స్టన్ కార్బైడే వాడతారు. ఆ మొనలకు కావలసిన లోహం బయటినుంచి వస్తోంది. అరిట్టాపట్టి దిక్కున ఉన్నది కదలకుండా నేలలోనే ఉంది.