అభిమానులు కార్యకర్తలైన ఎన్నిక

2002 డిసెంబరు 19న దక్షిణ కొరియా అధ్యక్ష ఎన్నికల్లో రో మూ హ్యున్ గెలిచాక, ఆయన్ని ఇంటర్నెట్ గెలిపించిన అధ్యక్షుడని పత్రికలు రాశాయి. ఇరవై ఏళ్లు దాటినా ఆ పేరు పోలేదు. కానీ ఆ ఎన్నిక చరిత్రను దగ్గరగా చూస్తే తేలేది వేరు. ఇంటర్నెట్ మనుషులను ఒకచోట చేర్చిన మాట నిజమే. వాళ్ల శ్రమకు ఫలితం దక్కింది మాత్రం ఒక పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే హక్కులో జనానికి వాటా ఇచ్చినందువల్ల. ఈ రెండో సంగతిని మరిచిపోయి మొదటిదాన్నే అనుకరించబోయిన చోటల్లా సందడి మిగిలింది గానీ పౌరుడికి అధికారం రాలేదు.

ఈ కథ మొదలైంది ఒక ఓటమితో. కొరియా రాజకీయాలను అప్పట్లో ప్రాంతాభిమానం శాసించేది. నైరుతిన జియోల్లా ఒక పార్టీకి, ఆగ్నేయాన గ్యోంగ్‌సాంగ్ మరో పార్టీకి కంచుకోటలు. గ్యోంగ్‌సాంగ్‌లో పుట్టిన రో, జియోల్లా పార్టీగా ముద్రపడిన పక్షంలో ఉన్నారు. సియోల్‌లో గెలిచిన స్థానాన్ని వదులుకుని, 2000 ఏప్రిల్‌లో సొంత ప్రాంతమైన బుసాన్‌లో పోటీ చేసి ఓడిపోయారు. గెలిచే సీటు కాదని సూత్రం కోసం ఓడిన మనిషి పట్ల ఆయన వెబ్‌సైటులో సానుభూతి వెల్లువెత్తింది. అలా పరిచయమైనవాళ్లే జూన్‌లో దేజోన్ నగరంలోని ఒక నెట్ సెంటర్‌లో సమావేశమై ‘నోసామో’ అనే అభిమాన సంఘాన్ని స్థాపించారు. కాలం కూడా కలిసొచ్చింది. 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత బ్రాడ్‌బ్యాండ్ ఊరూరా విస్తరించి, 2002 నాటికి చందాదారులు కోటికి చేరారు. పెద్ద దినపత్రికలు రోకి వ్యతిరేకంగా ఉన్న రోజుల్లో, ప్రతి పౌరుడూ విలేకరే అంటూ 2000 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఓమైన్యూస్’ వేరే గొంతు వినిపించింది.

అయితే ఇంతవరకే జరిగి ఉంటే నోసామో ఒక అభిమాన సంఘంగానే మిగిలేది. 2002లో రో పార్టీ అయిన మిలీనియం డెమొక్రటిక్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికను, అంటే ప్రైమరీని, దేశంలో మొదటిసారి సామాన్య పౌరులకు తెరిచింది. మొత్తం 70 వేల ఓట్లలో సగం పార్టీ సభ్యులు కానివారికి కేటాయించింది. నోసామో సభ్యులు తమవాళ్ల చేత దరఖాస్తులు పెట్టించారు, ఓటర్లకు ఉత్తరాలు రాశారు, ఊళ్లు తిరిగారు. మార్చి 16న జియోల్లా గుండెకాయ లాంటి గ్వాంగ్జు, గ్యోంగ్‌సాంగ్ బిడ్డ అయిన రోకి మొదటి స్థానం ఇచ్చింది. పార్టీ పెద్దల బలం లేని నాయకుడు ఏప్రిల్ చివరికి అభ్యర్థి అయ్యారు. ఆ తర్వాత అభిమానులు పంది బొమ్మల డిబ్బీల్లో చిల్లర పోగుచేసి ప్రచారానికి విరాళాలిచ్చారు. ఆ డిబ్బీల పంపకం చట్టవిరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. పోలింగుకు ముందు రాత్రి రోతో పొత్తు కుదుర్చుకున్న నాయకుడు చుంగ్ మోంగ్ జూన్ మద్దతు ఉపసంహరించుకుంటే, అభిమానులు తెల్లవార్లూ ఫోన్లు చేసి, సందేశాలు పంపి ఓటర్లను కదిలించారు. రో గెలిచింది సుమారు 5 లక్షల 70 వేల ఓట్ల తేడాతో.

ఈ విజయానికి మూలం ప్రైమరీయే అన్న వాదనకు బలమైన అభ్యంతరాలున్నాయి. గెలిపించింది చుంగ్‌తో కుదిరిన పొత్తే కదా అంటారు. పొత్తు పాత్ర పెద్దదే. కానీ పొత్తు కుదుర్చుకునే స్థానానికి రోని చేర్చింది ప్రైమరీయే. పోలింగు శాతం 1997లో 80.7 ఉంటే 2002లో 70.8కి పడిపోయింది, ఇక జనభాగస్వామ్యం ఎక్కడ పెరిగిందని మరికొందరు అడుగుతారు. ఇది కాదనలేని లెక్క. ఇంటర్నెట్ ఓటర్ల సంఖ్యను పెంచలేదు. ఓటరుగా మాత్రమే ఉన్న మనిషికి అభ్యర్థిని నిలబెట్టే పని, ఖర్చు భరించే పని అప్పగించింది. మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఇవే సాధనాలు తర్వాత మోసానికీ పనికొచ్చాయి. 2012 ఎన్నికల వేళ గూఢచార సంస్థ సిబ్బంది మారుపేర్లతో వ్యాఖ్యలు రాశారు. ఆ నేరంపై సంస్థ మాజీ అధిపతికి శిక్ష పడింది. రో శిష్యుడైన కిమ్ క్యోంగ్ సూకి కూడా ఆన్‌లైన్ అభిప్రాయాలను తారుమారు చేసిన కేసులో 2021లో రెండేళ్ల జైలు ఖాయమైంది. అంటే అభిప్రాయాన్ని దొంగిలించవచ్చు. కానీ తన పేరుతో దరఖాస్తు పెట్టి, తన చేత్తో ఓటేసి, తన జేబులోంచి విరాళమిచ్చిన పౌరుణ్ణి సృష్టించడం అంత తేలిక కాదు. నకిలీకి లొంగేది కేక. బాధ్యత అంత సులువుగా లొంగదు.

తెలుగు రాష్ట్రాల్లో నేడు ప్రతి పార్టీకీ సోషల్ మీడియా విభాగం ఉంది, ప్రతి నాయకుడికీ అభిమానుల సేన ఉంది. అయినా టికెట్టు ఎవరికివ్వాలో తేల్చేది అధిష్ఠానమే. అందుకే మన అభిమాని ఎదుటి పార్టీని తిట్టడానికే పనికొస్తున్నాడు గానీ సొంత పార్టీని దిద్దడానికి పనికిరావడం లేదు. కొరియా అనుభవం నుంచి తీసుకోవలసింది ప్రచార మెళకువలు కాదు, ఆ ప్రైమరీ. అభ్యర్థి ఎంపికలో మాకు ఓటు ఇవ్వండని కార్యకర్తలు తమ పార్టీలను నిలదీయాలి. ఆ హక్కు వచ్చేదాకా ఎన్ని పోస్టులు పెట్టినా మనం ప్రేక్షకులమే.