కోర్టు నోటీసుల అమలు పరిధి (కర్నూలు, కడప)

కోర్టు సమన్లు, జప్తు వారంట్లు, స్వాధీన ఉత్తర్వులను ఏ గ్రామంలో ఏ కోర్టు సిబ్బంది అమలు చేయాలో నిర్ణయించే ప్రాదేశిక హద్దును అమలు పరిధి అంటారు. ఈ అమలు పనిని ఈ రెండు జిల్లాలున్న రాయలసీమలో నాజర్ (కోర్టు అమలు విభాగపు అధికారి) అజమాయిషీలో జప్తు, స్వాధీన ఉత్తర్వులు అమలు చేసే అమీనాలు, సమన్లు అందించే ప్రాసెస్ సర్వర్లు చేస్తారు. ఇక్కడ పరిధికి మూల ప్రమాణం రెవెన్యూ గ్రామం.

రెవెన్యూ హద్దులు మాత్రం పలుమార్లు మారాయి. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్త మండలాలను 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విభజించారు. కర్నూలు 1858లో జిల్లా అయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వేరుపడింది. అయితే రెవెన్యూ హద్దు మారినంత మాత్రాన కోర్టు హద్దు మారదు. దానిని 1972 నాటి సివిల్ కోర్టుల చట్టం కింద విడిగా నిర్ణయిస్తారు. పాత దస్తావేజుల్లోని తాలూకా పేరును నేటి మండలంతో సరిపోల్చడమే పరిధి నిర్ణయంలో చిక్కైన భాగం.

1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి ప్రకారం ప్రతివాది వేరే కోర్టు పరిధిలో ఉంటే సమనును ఆ కోర్టుకు పంపవచ్చు. స్థిరాస్తి జప్తును దండోరా వంటి ఆనవాయితీ పద్ధతిలో చాటి, ఉత్తర్వు ప్రతిని ఆస్తిపైన, కోర్టు వద్ద, గ్రామ పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. ఆస్తి ఏ కోర్టు హద్దులోదో అనిశ్చితంగా ఉంటే, 18వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి నమోదు చేసి ఏదో ఒక కోర్టు విచారించవచ్చు.