కిటికీ అద్దం ఆపేసిన వెలుగు: సింహపు కూనల నుంచి తొండపిల్ల దాకా ఎముకల కథ



విదేశంలో ఉంటున్న నా మనవరాలు కొన్ని వారాల కిందట వీడియో కాల్‌లో ఒక చిన్న ప్రాణిని చూపించింది. అరచేతిలో ఇమిడేంత తొండపిల్ల. అక్కడివారు దాన్ని బియర్డెడ్ డ్రాగన్ అంటారు. "తాతయ్యా, నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు. కాలివేళ్లు వణుకుతున్నాయి, వెనక కాళ్లు ఈడుస్తోంది. దవడ మెత్తగా ఉంది" అని కన్నీళ్లు పెట్టుకుంది. నేను మనుషుల వైద్యుణ్ణి. సరీసృపాలకు చికిత్స చేసే పశువైద్యుడి దగ్గరకు ఈరోజే తీసుకువెళ్లమన్నాను. అయినా అలవాటు కొద్దీ ఒక ప్రశ్న అడిగాను: "దాని పెట్టె ఎక్కడ ఉంచావమ్మా?" "రోజంతా ఎండ పడేలా కిటికీ అద్దం పక్కనే పెట్టాను తాతయ్యా, ప్రత్యేకంగా దీపం ఎందుకని కొనలేదు" అంది.

ఆ జవాబులోనే జబ్బుకు మూలం కనిపించింది. ఆ అమ్మాయి చేసిన పొరపాటును వైద్యలోకం దాదాపు మూడు శతాబ్దాల పాటు చేసింది. ఆ చరిత్రను మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

ఇంగ్లండ్‌లో వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ 1650లో రికెట్స్ వ్యాధిని సవివరంగా వర్ణించాడు. కాళ్లు విల్లులా వంగడం, మణికట్లు ఉబ్బడం, పక్కటెముకల మీద పూసలదండలా గడ్డలు రావడం, ఇవన్నీ ఆయన చూశాడు. కారణం మాత్రం ఆయనకు అందలేదు. 1822లో పోలండ్ వైద్యుడు యెంజెయ్ స్న్యాదెట్స్కి ఒక తేడాను గమనించాడు. వార్సా నగరపు ఇరుకు సందుల్లోని పసిబిడ్డలకు ఈ జబ్బు ఎక్కువ, చుట్టుపక్కల పల్లెల బిడ్డలకు తక్కువ. పిల్లలను ఆరుబయట ఎండలో ఉంచమని ఆయన చెప్పాడు. వినేవారు లేకపోయారు. 1890లో థియోబాల్డ్ పామ్ అనే వైద్యుడు మళ్లీ అదే మాట చెప్పాడు. జపాన్‌లో మిషనరీ వైద్యుడిగా పనిచేసినప్పుడు అరుదుగా కూడా కనిపించని ఈ వ్యాధి స్వదేశానికి తిరిగి వచ్చాక ఇంటింటా కనిపించడం ఆయన్ను ఆలోచింపజేసింది. వివిధ దేశాల్లోని వైద్యుల నుంచి సమాచారం సేకరించి, ఎండ తక్కువైన చోటే వ్యాధి ఎక్కువని తేల్చాడు.

ఈలోగా జంతువులూ ఈ కథలోకి వచ్చాయి. 1880ల్లో లండన్ జంతుప్రదర్శనశాలలో పుట్టిన సింహపు కూనలు వరుసగా చనిపోతుండేవి. ఎముక, కొవ్వు లేని గుర్రపు మాంసమే వాటి ఆహారం. శస్త్రవైద్యుడు జాన్ బ్లాండ్-సట్టన్ పరీక్షించి, అది పసిపిల్లలకు వచ్చే రికెట్సేనని గుర్తించాడు. పాలు, నలగ్గొట్టిన ఎముకలు, కాడ్ చేపల కాలేయపు నూనె ఆహారంలో చేర్చగానే కూనలు కోలుకున్నాయి, పెరిగి పెద్దవయ్యాయి. మనిషి బిడ్డకూ మృగం బిడ్డకూ ఎముకలు గట్టిపడే తీరు ఒకటేనని అప్పుడు స్పష్టమైంది.

ఇప్పుడు రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకరు ఎండ మందు అన్నారు, మరొకరు నూనె మందు అన్నారు. రెండూ నిజమే ఎలా అవుతాయి? 1919లో బెర్లిన్ వైద్యుడు కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ పాదరసపు ఆవిరితో వెలిగే క్వార్ట్‌జ్ దీపపు కాంతిని రికెట్స్ ఉన్న పిల్లల మీద ప్రసరింపజేశాడు. ఎక్స్‌రేల్లో ఎముకలు గట్టిపడటం కనిపించింది. ఒక చేతికి మాత్రమే కాంతి చూపినా రెండో చేతి ఎముకలు కూడా బాగుపడటం ఆయన గమనించాడు. అంటే చర్మంలో తయారైన ఏదో పదార్థం రక్తం ద్వారా ఒళ్లంతా ప్రయాణిస్తోందన్నమాట. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ ఎండ తగలకుండా పెంచిన కుక్కపిల్లల్లో ఆహారం ద్వారానే రికెట్స్ తెప్పించి, చేపనూనెతో నయం చేశాడు. 1922లో అమెరికాలో మెకాలమ్ బృందం ఆ నూనెలోని ఎ విటమిన్‌ను నాశనం చేసినా ఎముకలను బాగుచేసే గుణం మిగిలే ఉందని చూపింది. దానికే డి విటమిన్ అని పేరు వచ్చింది. 1924లో హ్యారీ స్టీన్‌బాక్ ఆహారం మీదే అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే ఆ ఆహారానికే రికెట్స్‌ను నివారించే శక్తి వస్తుందని నిరూపించాడు. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి.

ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన వ్యక్తి జోన్ ప్రాక్టర్. ఆమె లండన్ జంతుప్రదర్శనశాలలో సరీసృపాల విభాగానికి అధిపతి. చిన్నతనం నుంచీ దీర్ఘవ్యాధితో బాధపడుతూనే 1927లో ప్రారంభమైన సరీసృపాల భవనాన్ని రూపొందించారు. ఒక్కో జీవికి ఒక్కో ఉష్ణోగ్రత అవసరమని గుర్తించి, విద్యుత్తుతో వేరువేరుగా వేడి అందే ఏర్పాటు చేయించారు. భయంకరమైనదని పేరుపడిన కొమొడో బల్లిని మచ్చిక చేసి వెంట తిప్పుకునేవారు. 1931లో, 34 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. 1920ల్లోనే అతినీలలోహిత కిరణాలను లోనికి రానిచ్చే 'వీటా' గాజును అదే ప్రదర్శనశాలలో ప్రయోగించి చూశారు. కారణం సులభం. డి విటమిన్ తయారీకి కావలసిన అతినీలలోహిత-బి కిరణాలను మామూలు కిటికీ అద్దం దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. వెలుగు వస్తుంది, వెచ్చదనం వస్తుంది, ఎముకకు కావలసినది మాత్రం రాదు.

మా మనవరాలి తొండపిల్లకు జరిగింది అదే. దీని శాస్త్రీయ నామం పొగోనా విట్టిసెప్స్. స్వస్థలం ఆస్ట్రేలియా నడిమి ఎడారి ప్రాంతాలు. మన కంచెల మీద ఎండ కాచుకుంటూ తలాడించే తొండలూ ఇవీ ఒకే కుటుంబానివి. మన తొండ నీడలో బతకదని మనకు తెలుసు. ఇదీ అంతే. ఎండ ద్వారా డి విటమిన్ అందకపోతే పేగులు కాల్షియంను సరిగా పీల్చుకోలేవు. రక్తంలో అది తగ్గితే శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. వేగంగా పెరిగే పిల్లల్లో ఈ నష్టం త్వరగా బయటపడుతుంది. దవడ మెత్తబడుతుంది, కండరాలు వణుకుతాయి, కాళ్లు వంగుతాయి.

ఇలాంటి పిల్ల మీ ఇంట్లోనో, విదేశంలోని మీ పిల్లల ఇంట్లోనో ఉంటే ఈ విషయాలు గుర్తుంచుకోండి. అద్దం అడ్డు లేకుండా పైనుంచి అతినీలలోహిత-బి దీపం రోజుకు సుమారు 12 గంటలు వెలగాలి. వెలుగు తగ్గకపోయినా ఆ కిరణాల శక్తి క్రమంగా తగ్గుతుంది కాబట్టి, తయారీదారు చెప్పిన గడువుకు దీపం మార్చాలి. ఎండ కాచుకునే చోటు సుమారు 40 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. ఒళ్లు వేడెక్కకపోతే దానికి అరుగుదల ఉండదు. అందుకే చల్లగా, నీరసంగా ఉన్న పిల్లకు బలవంతంగా తిండి కుక్కకూడదు. ముందు వెచ్చదనం, తరువాత నీరు, ఆపైన ఆహారం. కీచురాళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కనుక వాటికి కాల్షియం పొడి అద్ది పెట్టాలి. మెత్తబడిన ఎముకలు చిన్న ఒత్తిడికే విరుగుతాయి. ఎత్తేటప్పుడు పొట్ట కింద అరచేయి ఆనించి ఎత్తాలి.

రెండు హెచ్చరికలు. మొదటిది, ఒకే లక్షణానికి ఒకే కారణం ఉండదు. మా ప్రకాశం, నల్లగొండ ప్రాంతాల్లో కాళ్లు వంకరపోయిన పిల్లలను చూసి కొత్తలో నేనూ రికెట్స్ అనుకొని డి విటమిన్ రాశాను. చాలామందిలో అసలు దోషి తాగునీటిలోని ఫ్లోరైడ్. ఆ పొరపాటు ఈనాటికీ నన్ను బాధిస్తుంది. తొండపిల్ల తినకపోవడానికీ పేగుల్లోని కోక్సీడియా పరాన్నజీవులు, ఎడినోవైరస్ వంటి కారణాలు ఉండవచ్చు. అందుకే మల పరీక్ష, ఎక్స్‌రే తప్పనిసరి. రెండవది, అతి సర్వత్ర వర్జయేత్. 1950ల్లో బ్రిటన్‌లో పసిపిల్లల ఆహారంలో డి విటమిన్ ఎక్కువగా కలపడంతో కొందరు శిశువుల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగింది. దాంతో ఆ మోతాదు తగ్గించాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న మన మందు చుక్కలు తొండపిల్ల నోట్లో వేయకండి. దాన్ని తాకాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ జీవులు ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా క్రిములను మోయగలవు. అయిదేళ్ల లోపు పిల్లలను వాటికి దూరంగా ఉంచండి.

మా మనవరాలి తొండపిల్ల ఎక్స్‌రేలో ఎముకలు పలచబడినట్టు తేలింది. దీపం వచ్చింది, వైద్యుడు కాల్షియం ద్రావణం ఇచ్చాడు. మూడో వారంలో తనంతట తాను ఒక పురుగును పట్టుకుంది. వణుకు తగ్గింది. వెనక కాలి వంకర మాత్రం జీవితాంతం ఉంటుందని వైద్యుడు చెప్పాడట. "ముందే నిన్ను అడిగి ఉంటే బాగుండేది తాతయ్యా" అంది. నాకు ఆ మాటే మిగిలిపోయింది.

పాఠకులారా, చివరగా ఒక మనవి. నగరాల్లో అద్దాల బాల్కనీలో పసిబిడ్డను పడుకోబెట్టి "ఎండ చూపిస్తున్నాం" అనుకునే తల్లులు నాకు తరచుగా కనిపిస్తున్నారు. ఆ అద్దం తలుపు తెరవండి. బిడ్డకు డి విటమిన్ చుక్కలు ఎప్పుడు, ఎంత వేయాలో మీ పిల్లల వైద్యుణ్ణి అడగండి. సింహపు కూన అయినా, తొండపిల్ల అయినా, మన ఒళ్లోని బిడ్డ అయినా, మెత్తబడుతున్న ఎముకకు నోరు లేదు. మనమే కనిపెట్టి చూసుకోవాలి.