షాంఘై పాఠం, ఇంగ్లండ్ టైంటేబుల్: గణితోపాధ్యాయుల మార్పిడి పథకంపై ఒక పరిశీలన

పదిహేనేళ్ల విద్యార్థుల పఠన, గణిత, విజ్ఞాన సామర్థ్యాలను దేశాలవారీగా పోల్చి చూసే పీసా పరీక్షలో 2012లో షాంఘై గణితానికి 613 పాయింట్లు సాధించి మొదటి స్థానంలో నిలవగా, బ్రిటన్ 494 దగ్గరే ఆగిపోయింది. ఒక మహానగరాన్ని ఒక దేశంతో తూచడం ఎంతవరకు సబబన్నది వేరే చర్చ. ఆ తేడాకు మూలం వెతుకుతూ ఇంగ్లండ్ విద్యాశాఖ 2014లో షాంఘైతో గణితోపాధ్యాయుల మార్పిడికి పూనుకుంది. ముందు ఇంగ్లండ్ ఉపాధ్యాయులు షాంఘై తరగతులను చూసి వచ్చారు. తరువాత షాంఘై ఉపాధ్యాయులు ఇంగ్లండ్ బడులకు వచ్చి, స్థానిక ఉపాధ్యాయుల సమక్షంలో అక్కడి పిల్లలకే పాఠాలు చెప్పారు.

సందర్శకులను మొదట ఆకట్టుకున్నది పాఠం అల్లిక. ఒక భావనను, దాని ఉదాహరణలను కొద్దికొద్దిగా మారుస్తూ, అది ఏది కాదో కూడా చూపి స్థిరపరిచే ఈ పద్ధతిని చైనాలో ‘బియన్‌షి’ అంటారు. నాలుగో వంతు గురించి చెప్పేటప్పుడు నాలుగు సమాన భాగాల బొమ్మతోపాటు, నాలుగు అసమాన భాగాలుగా కోసిన బొమ్మనూ ముందుంచి, రెండోది ఎందుకు చెల్లదో పిల్లలచేతే చెప్పించడం దీనికి సరళమైన ఉదాహరణ.

అయితే అంత చిక్కని పాఠం ఒక్కరి ప్రతిభతో తయారయ్యేది కాదు. షాంఘైలో ప్రాథమిక స్థాయిలోనే గణితానికి ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు. వారు రోజుకు రెండు మూడు పీరియడ్లు మాత్రమే బోధించి, మిగిలిన సమయాన్ని నోట్సులు దిద్దడానికి, వెనకబడిన పిల్లలకు ఆ రోజే మళ్లీ చెప్పడానికి, ‘జ్యావ్‌యెన్‌జూ’లో, అంటే ఒకే విషయం బోధించేవారంతా కూడి పాఠాలను సిద్ధం చేసుకుని సమీక్షించుకునే బోధన పరిశోధన బృందంలో, పనిచేయడానికి వినియోగిస్తారు. ఈ బృందాలు 1950లలో సోవియట్ ప్రభావంతో చైనా బడుల్లో నెలకొన్నాయి కనుక, ఇంగ్లండ్ అరువు తెచ్చుకోబోయినది కూడా ఒకప్పటి అరువే.

ఒకరు పాఠం చెబుతుంటే తోటివారు గది వెనక కూర్చుని చూసి, ఆపై దాన్ని విప్పి చర్చించే ‘బహిరంగ పాఠం’ అక్కడ నిత్యకృత్యం. ఇంగ్లండ్‌లో మాత్రం పరుల సమక్షంలో పాఠమంటే చాలాకాలం తనిఖీ అనే అర్థమే ఉండేది. తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఒక్కో పాఠానికి గ్రేడు ఇచ్చే పద్ధతిని మానుకున్నది 2014లోనే. కాబట్టి ఈ పథకం వల్ల కలిగిన వృత్తిపరమైన ఎదుగుదలలో ప్రధానాంశం విదేశీ మెళకువ కాదనీ, తీర్పు భయం లేకుండా పాఠం గురించి మాట్లాడుకునే అలవాటేననీ భావించడం సమంజసం. తెలుగు ఉపాధ్యాయులకు ఇది పూర్తిగా అపరిచితం కాదు: 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే ఏపీపెప్, ఇరుగుపొరుగు బడుల ఉపాధ్యాయులు కూడి మాట్లాడుకునేందుకు ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. అయితే అక్కడ జ్ఞానం ఎక్కువగా దాత నుంచి గ్రహీత వైపే ప్రవహించింది.

2016లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఈ బోధనను 8,000 ప్రాథమిక పాఠశాలలకు విస్తరించడానికి నాలుగేళ్లకు 4.1 కోట్ల పౌండ్లు ప్రకటించింది. షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయం జరిపిన మూల్యాంకనం ఉపాధ్యాయుల బోధనలో వచ్చిన మార్పును నమోదు చేసినంత స్పష్టంగా పిల్లల ఫలితాల్లో పెరుగుదలను చూపలేకపోయింది. ఇందులో ఆశ్చర్యం లేదు. అన్ని విషయాలూ ఒక్కరే బోధించే ఇంగ్లండ్ ప్రాథమికోపాధ్యాయునికి పాఠాల తయారీకి, దిద్దుబాటుకు నిబంధన ప్రకారం హామీగా దక్కేది బోధన సమయంలో పదో వంతు మాత్రమే; షాంఘై నుంచి తిరిగి వచ్చాక కూడా అది పదో వంతుగానే ఉండిపోయింది.