కాకతీయానంతర నాయక రాజ్యాలు: ఐక్యత, అనైక్యత

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమై కాకతీయ సామ్రాజ్యం అంతరించింది. అనంతరం ముసునూరి ప్రోలయ నాయకుడు తీరాంధ్రలో ప్రతిఘటనకు పూనుకొని, అన్యాక్రాంతమైన అగ్రహారాలను పునరుద్ధరించినట్లు అతని విలస తామ్రశాసనం తెలుపుతున్నది. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి సాధించాడు.

కాపయను డెబ్బయి అయిదుగురు నాయకులు సేవించారని 1423 నాటి కలువచేరు శాసనం పేర్కొంటున్నది. దీన్ని వేయించిన అనితల్లి రెడ్డి రాజవంశానికి చెందినది. కనుక ఇది సమకాలిక సాక్ష్యం కాదు. ఒక వారసవంశం నిలుపుకొన్న స్మృతి.

వాస్తవంలో రెడ్డి, రేచర్ల నాయకులు త్వరలోనే స్వతంత్రించారు. 1347లో ఏర్పడిన బహమనీ రాజ్యానికి కాపయ మొదట కౌలాసును, తరువాత నేటి గచ్చిబౌలికి చేరువలోని గోల్కొండను అప్పగించవలసివచ్చింది. చివరకు 1368 ప్రాంతంలో భీమవరం వద్ద అతన్ని సంహరించినది బహమనీ సైన్యం కాదు, రేచర్ల అనపోత నాయకుడు.

రోమన్ల నిష్క్రమణానంతర బ్రిటన్‌లోనూ ఇట్టి ఘటనే కనిపిస్తుంది. ఆంగ్లులను ముట్టడించిన ఉరియెన్ రాజు సాటి బ్రిటన్ పాలకుడైన మోర్కాంత్ అసూయకు బలైనట్లు 9వ శతాబ్దపు ‘హిస్టోరియా బ్రిట్టోనుం’ చెబుతున్నది.

ప్రతి నాయకునికీ సొంత సైన్యం, సొంత దుర్గం ఉండటమే తొలుత ప్రతిఘటనను సాధ్యం చేసింది. తరువాత దాన్ని విచ్ఛిన్నం చేసినదీ అదే.