ఎర్గో: తర్కంలోనూ శ్లేషలోనూ

ఎర్గో లాటిన్ అవ్యయం. 'కాబట్టి', 'అందువల్ల' అని అర్థం. ముందు చెప్పిన వాక్యాల నుంచి తేలిన నిర్ణయాన్ని ప్రకటించేటప్పుడు దీన్ని వాడతారు, మన న్యాయశాస్త్రంలో నిగమన వాక్యం 'తస్మాత్' అని మొదలైనట్టు. గ్రీకు 'ఎర్గాన్' (పని) నుంచి వచ్చిన ఎర్గోనామిక్స్‌కూ దీనికీ సంబంధం లేదు. ఐరోపా విశ్వవిద్యాలయాల్లో ఎర్గో శతాబ్దాల పాటు వాదానికి ముద్రగా నిలిచింది. ఆ కాలంలోనే నాటకాల్లో విదూషకుల నోటా, విందుల్లో తాగేవాళ్ల నోటా శ్లేషకు పనిముట్టయింది. ఈ రెండింటినీ వేర్వేరు చరిత్రలుగా, ఒకటి పండితులదీ మరొకటి పామరులదీ అన్నట్టుగా చూడడం పరిపాటి. సాక్ష్యాలు అలా చెప్పవు. ఎర్గో మీది హాస్యం తర్కం తెలియనివాళ్ల వెక్కిరింత కాదు, తర్క పాఠంలోంచే పుట్టిన హాస్యం.

ప్రాచీన రోమ్‌లో ఈ మాటకు అంత పెద్దరికం లేదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు పన్నెండు పట్టికల శాసనంలో అది షష్ఠీ విభక్తి మాట తర్వాత చేరి 'నిమిత్తం' అనే అర్థమిచ్చింది. అంత్యక్రియల నిమిత్తం స్త్రీలు శోకాలు పెట్టకూడదన్న ఆ నియమాన్ని సిసిరో ఉదాహరించడం వల్ల అది మనకు మిగిలింది. ప్లౌటస్ హాస్య నాటకాల్లో 'సరే మరి', 'అయితే ఏంటి' అన్నంత తేలిక మాట. రోమన్ సామ్రాజ్యం పోయింది, శతాబ్దాలు గడిచాయి, పారిస్, ఆక్స్‌ఫర్డ్ వంటి చోట్ల విశ్వవిద్యాలయాలు వెలిశాయి. అక్కడ ఎర్గో జాతకం మారింది. 13వ శతాబ్దంలో పీటర్ ఆఫ్ స్పెయిన్ పేర వెలువడిన తర్క సంగ్రహం తరతరాల విద్యార్థులకు వాచకమైంది. చెల్లుబాటయ్యే అనుమాన (ఆధారాల నుంచి నిర్ణయానికి వచ్చే వాదన) రూపాలను 'బార్బరా', 'చెలారెంట్' వంటి అర్థంలేని పేర్లలో అచ్చుల గుర్తులతో ఇమిడ్చి వల్లె వేయించేవారు. పట్టా కావాలంటే అందరి ఎదుటా లాటిన్‌లో వాదించాలి. ఆక్షేపకుడు రెండు ఆధార వాక్యాలు చెప్పి, ఎర్గో అని మూడోదాన్ని దించుతాడు. సమాధానం చెప్పేవాడికి మూడు దారులున్నాయి. 'ఒప్పుకుంటాను' అనవచ్చు, 'ఒప్పుకోను' అనవచ్చు, 'విడదీసి చెబుతాను' అనవచ్చు. ఒక మాట రెండు అర్థాల్లో వాడి ఎదుటివాడు మోసం చేశాడనిపిస్తే మూడో దారే శరణ్యం. పారిస్ వైద్య విభాగంలో సిద్ధాంత వ్యాసాలు కూడా ప్రశ్నతో మొదలై 'ఎర్గో' అన్న తీర్మానంతో ముగిసేవి. 18వ శతాబ్దంలోనూ ఆ పద్ధతి నడిచింది.

హాస్యానికి మూలం ఆ మూడో దారిలో ఉంది. అరిస్టాటిల్ వాదదోషాల గ్రంథంలో భాష వల్ల కలిగే ఆరు దోషాలను చెప్పి, వాటిలో మొదటిదిగా నానార్థ పదాన్ని పెట్టాడు. అనుమానంలో మూడు పదాలే ఉండాలి. రెండు ఆధార వాక్యాలనూ కలిపే మధ్యపదం ఒక వాక్యంలో ఒక అర్థంతోనూ రెండో వాక్యంలో ఇంకో అర్థంతోనూ వస్తే, పైకి మూడు కనిపించినా నిజానికి నాలుగు పదాలుంటాయి, నిగమనం చెల్లదు. శ్లేష చేసే పనీ అదే. ఒకే శబ్దం మీద రెండు అర్థాలను నిలబెడుతుంది. తార్కికుడు దోషమని విడదీసేదాన్ని కవి చమత్కారమని కలిపి ఉంచుతాడు. లాటిన్‌తో ఏ సంబంధమూ లేని మన న్యాయశాస్త్రమూ ఇక్కడికే చేరింది. వాత్స్యాయనుడు వాక్ఛలానికి, అంటే మాటను వేరే అర్థంలో పట్టుకునే దోషానికి, ఇచ్చిన ఉదాహరణ 'నవకంబలుడు'. కొత్త కంబళి ఉన్నవాడు అని ఒకడంటే, తొమ్మిది కంబళ్లున్నవాడు అని పట్టుకుని ఎదుటివాడు ఖండిస్తాడు. శ్లేషను తప్పుగా గుర్తించి, పేరు పెట్టి, ఉదాహరణతో నేర్పిన చోట దాన్ని సరదాకు వాడుకునే తెలివి కూడా పుడుతుంది.

ఇంగ్లండులో ఈ సంప్రదాయం అన్నిటికంటే బాగా పండింది. 1526లో అచ్చయిన 'నూరు నవ్వుల కథలు' సంకలనంలోనే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి కథ ఉంది. రెండు కోడిపిల్లలను మూడని తర్కంతో రుజువు చేస్తాడు. ఒకటి తండ్రికి, ఒకటి తల్లికి, నువ్వు రుజువు చేసిన మూడోది నీకు అని జవాబు వస్తుంది. అయితే ఎర్గోను అసలు రంగస్థలం మీద నిలబెట్టినవాడు షేక్‌స్పియర్. విశ్వవిద్యాలయ గడప తొక్కనివాడు కావడం వల్ల కాబోలు, ఆ మాట ఎవరి నోట ఎలా పలుకుతుందో అతడు విన్నంత శ్రద్ధగా మరొకరు వినలేదు. 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'లో సేవకుడు డ్రోమియో సరైన అనుమాన రూపంలోనే వాదిస్తాడు. 'లైట్' నిప్పు వల్ల కలిగేది, నిప్పు కాలుస్తుంది, ఎర్గో 'లైట్' ఆడవాళ్లు కాలుస్తారు. ఇంగ్లిషులో ఆ మాటకు వెలుగనీ అర్థముంది, నడత తేలిక అనీ అర్థముంది, కాల్చడంలో సుఖవ్యాధుల సూచనా ఉంది. నాలుగు పదాల దోషానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లోనూ దొరకదు. 'ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్'లోని విదూషకుడు లవాచ్ ఒక మెట్టు పైకి వెళ్లి, ఒకదాని ఫలితాన్ని తర్వాతిదానికి ఆధారం చేస్తూ గొలుసు అల్లి, తన భార్యను ముద్దాడినవాడు తనకు స్నేహితుడని తేలుస్తాడు. 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో లాన్సెలట్ చూపులేని తన తండ్రి ముందు ఆధారాలేమీ లేకుండానే ఎర్గో, ఎర్గో అంటాడు. అక్కడ వాదం లేదు, పెద్దమనిషిలా వినిపించాలన్న కోరిక ఉంది.

పామరుల నోట ఈ మాట రూపం కూడా మారింది. 1450 నాటి జాక్ కేడ్ తిరుగుబాటును చూపే 'ఆరవ హెన్రీ' రెండో భాగంలో తిరుగుబాటుదారుడొకడు 'ఆర్గో' అంటాడు. తమలో నేతగాడొకడు ఉన్నాడు కాబట్టి శత్రువుల ఆయువు దారం వడికిపోయిందని అతని నిగమనం. 1517లో లండన్‌లో విదేశీయుల మీద జరిగిన అల్లర్లను చూపే 'సర్ థామస్ మోర్' నాటకం రాతప్రతిలోనూ ఆర్గో కనిపిస్తుంది. వలస వచ్చినవాళ్లు తమ దేశంలో కంటే ఇక్కడ ఎక్కువ తింటారని తేల్చడానికి అల్లరిమూక నాయకుడు దాన్ని వాడతాడు. ఆ ప్రతిలో మూడు పుటలు షేక్‌స్పియర్ స్వహస్తంతో రాసినవని వాదిస్తూ పండితుడు పొలార్డ్ బృందం 1923లో పుస్తకం వెలువరించింది. ఆర్గో ఉన్నదీ ఆ పుటల్లోనే. ఆ వాదనను బలపరచే చిన్న ఆధారాల్లో ఈ వర్ణక్రమమూ ఒకటి.

'హామ్లెట్' ఐదో అంకంలో సమాధులు తవ్వేవాడి నోట అది 'ఆర్గల్' అయింది. ఒకే సన్నివేశంలో మూడుసార్లు వస్తుంది. 1604–05 ముద్రణలో మొదటిచోట అచ్చు కూర్చినవాడికే అది అర్థం కాలేదు, రెండు వేరే ఇంగ్లిషు మాటలుగా విడగొట్టాడు. షేక్‌స్పియర్ నాటకాల 1623 సంపుటంలో సరైన రూపం ఉంది. ఇది కేవలం మోటు ఉచ్చారణ మీద హాస్యమనీ, చదువురానివాడు పండితుల మాట పలకబోయి తడబడ్డాడనీ, ఇందులో తర్కాన్ని వెతకడం అతి అనీ ఒక ఆక్షేపణ ఉంది. అతను 'ఆత్మరక్షణ' అనే లాటిన్ న్యాయ పదాన్ని తలకిందులు చేసి 'ఆత్మదాడి' అన్నట్టు పలకడం ఈ ఆక్షేపణకు బలమిస్తుంది కూడా. కానీ మాట చెడింది గాని వాదం చెడలేదు. నీట మునిగి చనిపోయిన ఒఫీలియా తెలిసి మునిగిందా, తెలియక మునిగిందా అన్న చర్చలో అతను కార్యానికి మూడు శాఖలుంటాయని చెప్పి, నీళ్లు మనిషి దగ్గరికి రావడమూ మనిషి నీళ్ల దగ్గరికి వెళ్లడమూ వేరని విడదీస్తాడు. దీని వెనక నిజమైన వ్యాజ్యం ఉందని పండితులు చాలాకాలం కిందటే గుర్తించారు. సర్ జేమ్స్ హేల్స్ అనే న్యాయమూర్తి 1554లో నీళ్లలో మునిగి ప్రాణం తీసుకున్నాడు. ఆత్మహత్య నేరం కాబట్టి అతని కౌలు హక్కు రాజుకు జప్తయింది. భార్య మార్గరెట్ దావా వేసింది. హేల్స్ వర్సెస్ పెటిట్‌గా పేరుపొందిన ఆ కేసులో, కార్యానికి ఆలోచన, నిశ్చయం, పూర్తి చేయడం అని మూడు భాగాలుంటాయని వాదించారు. హేల్స్ చనిపోయాడు, చంపిందెవరు, హేల్సే, ఎప్పుడు, బతికుండగా, కాబట్టి బతికున్న హేల్స్ చనిపోయిన హేల్స్‌కు కారణమని ఒక న్యాయమూర్తి తేల్చాడు. ప్లౌడెన్ ఈ నివేదికను 1571లో న్యాయస్థానాల ఫ్రెంచిలో అచ్చువేశాడు. గోతి తవ్వేవాడి తర్కం కోర్టు తర్కం కంటే తక్కువదేమీ కాదు. ప్రేక్షకుల్లో న్యాయ విద్యార్థులు ఆ పోలికను వెంటనే పట్టుకుని ఉండాలి.

ఫ్రాన్సులో పరిస్థితి వేరు. అక్కడ ఎర్గో మీద కోపం కూడా కనిపిస్తుంది. రచయిత రబెలే 1534 నాటి 'గార్గాంటువా'లో సోర్బాన్ పండితుడు జనోటస్ నోత్ర్‌దామ్ గంటలను తిరిగి అడగడానికి వచ్చి, 'గంట' అన్న ఒక్క ఫ్రెంచి మాటకే లాటిన్ ప్రత్యయాలన్నీ తగిలించి ఆధార వాక్యం తయారుచేస్తాడు, చివర ఎర్గో అని అర్థంలేని శబ్దమొకటి పలుకుతాడు. మాంటేన్ పిల్లల చదువు మీది వ్యాసంలో, తత్త్వశాస్త్రానికి వెళ్లే దారులన్నీ ఈ 'ఎర్గోటిజం'లే మూసేశాయని బాధపడ్డాడు. ఎర్గో నుంచి పుట్టిన 'ఎర్గోతే' అనే క్రియకు ఫ్రెంచిలో ఇప్పటికీ పనికిమాలిన వాదం చేయడమనే అర్థం. కోడిపుంజు కాలి వెనక ముల్లును 'ఎర్గో' అనే పలుకుతారు గనక, వాదించేవాణ్ణి కాలుదువ్వే పుంజుగా చూపే చమత్కారం వాళ్లకు సహజంగా అమరింది. ఇదంతా తర్కం మీద తిరస్కారం కాదా అని ఎవరైనా అడగవచ్చు. మాంటేన్ విషయంలో ఆ మాట కొంత నిజం. రబెలే విషయంలో కాదు. ఎర్గో తర్వాత ఒక నిగమనం రావాలన్న నిరీక్షణ చెవిలో పాతుకుపోయినవాడికే ఆ శూన్యం నవ్వు తెప్పిస్తుంది. వైద్యం చదివి, ఆ వాదసభలన్నీ ఎరిగినవాడు రాసిన హాస్యమది.

తర్వాతి కాలంలో ఎర్గో విశ్వవిద్యాలయాల నుంచి మెల్లగా తప్పుకుంది. 1659లో జూరిక్‌లో యోహాన్ రాన్ తన బీజగణిత గ్రంథంలో 'కాబట్టి'కి మూడు చుక్కల గుర్తు వాడాడు. మన బడి పిల్లలు జ్యామితి నిరూపణల్లో ఇప్పటికీ రాసే గుర్తు అదే. జర్మనీలో మాత్రం ఎర్గో విద్యార్థుల విందుల్లో బతికింది. దెస్సౌలో 1774లో ఆదర్శ పాఠశాల స్థాపించిన విద్యావేత్త బాసెడో, 'ఎర్గో బిబాముస్' (కాబట్టి తాగుదాం) అన్న నిగమనం ఏ ఆధార వాక్యానికైనా సరిపోతుందనేవాడట. వాతావరణం బాగుంది, కాబట్టి తాగుదాం. బాగాలేదు, కాబట్టి తాగుదాం. గోథే 1810లో ఆ మాట మీద పాట రాశాడు. అదే ఏడాది వెలువడిన తన వర్ణసిద్ధాంత గ్రంథంలో దీన్ని న్యూటన్ మీదికి తిప్పి, ఏ ప్రయోగం చేసినా న్యూటన్ ముందే అనుకున్న నిర్ణయానికే వస్తాడని ఆక్షేపించాడు. భౌతికశాస్త్రంలో న్యూటనే నిలిచాడు, గోథే ఆక్షేపణ నిలవలేదు. అయినా ఆధారానికీ నిర్ణయానికీ ముడి తెగితే ఎర్గో ఏమవుతుందో ఆ విందు హాస్యం చూపినంత స్పష్టంగా పెద్ద గ్రంథాలు చూపలేదు.

నేడు ఈ మాట లోకానికి తెలిసింది తత్త్వవేత్త డెకార్ట్ సూత్రం 'కొగితో ఎర్గో సుమ్' (ఆలోచిస్తున్నాను, కాబట్టి ఉన్నాను) వల్ల. 1637లో అతడు ఆ ఆలోచనను ఫ్రెంచిలో చెప్పాడు. లాటిన్ రూపం 1644లో వచ్చింది. మధ్యలో 1641లో వెలువడిన 'ధ్యానాలు'లో అదే విషయాన్ని ఎర్గో లేకుండానే రాశాడు. ఆలోచించడమే ఉనికికి రుజువైతే నడవడం ఎందుకు కాకూడదన్న తీరులో సమకాలీన తత్త్వవేత్త గసెండి ఆక్షేపించాడు. అంటే ఆ సూత్రం కింద మాటలు మార్చే ఆట డెకార్ట్ బతికుండగానే మొదలైంది. తనది అనుమానం కాదని, మనసు నేరుగా చూసే సత్యమని డెకార్ట్ మరోచోట చెప్పాడు. ఇక్కడ ఎర్గో నిగమనమా, మరొకటా అని 1962లో తత్త్వవేత్త హింటికా రాసిన వ్యాసం మళ్లీ చర్చ రేపింది. హాస్యకారులు అంత దూరం పోలేదు. ఆంబ్రోస్ బియర్స్ 1911 నాటి 'డెవిల్స్ డిక్షనరీ'లో 'అనుకుంటున్నాను' అనే క్రియను మళ్లీ మళ్లీ చేర్చి డెకార్ట్ నిశ్చయాన్నే సందేహంగా మార్చాడు. ఆ వరసలో నిజమైన వాదమున్న చమత్కారం అదొక్కటే. 1987లో బార్బరా క్రూగర్ ఆలోచించడాన్ని తీసేసి ఆ చోట దుకాణాల్లో కొనడాన్ని పెట్టిన చిత్రం ప్రసిద్ధమైంది. అప్పటినుంచి చొక్కాల మీద, ప్రకటనల్లో వచ్చిన అనుకరణలు చాలావరకు ఒక క్రియ తీసి మరొకటి పెట్టినవే. వాటిలో రెండు అర్థాల మధ్యపదం లేదు, విడదీయడానికి ఏమీ లేదు. డ్రోమియో, సమాధులు తవ్వేవాడు చేసిన పనితో పోలిస్తే అవి చాలా తక్కువ స్థాయివి.